చెరో డిస్కు

తిరువూరులో ఎవరి ఫోను మొరాయించినా ప్రభుదాసు దగ్గరికే తెస్తారు. బజార్లో కూరగాయలు కొంటుంటే వెనకనుంచి వచ్చి, "దాసుగారూ, ఇదేంటో వాట్సాప్ రావట్లేదండి" అంటారు. సంచీ కింద పెట్టి చూసి పెడతాడు. మధిర రోడ్డు మీద ఉన్న స్కానింగ్ సెంటర్లో కంప్యూటర్లు చూడడం అతని ఉద్యోగం. చూడడమంటే ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగడం దగ్గర్నుంచి కరెంటు పోతే జనరేటరు వేయించడం దాకా అన్నీ అతని నెత్తి మీదే. ఆ ఊరికి అతని విద్య అంతవరకే కావాలి. ఊరిని తప్పు పట్టి లాభం లేదు, ఏ ఊరికైనా అంతే కావాలి.

అతని అసలు విద్య యూనిక్స్, పెద్ద పెద్ద సర్వర్లని నడిపించే సిస్టం. డిగ్రీ అయ్యాక విజయవాడలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మోజుపడి నేర్చుకున్నాడు. తోటివాళ్ళు హైదరాబాదు వెళ్ళి కంపెనీల్లో కుదురుకున్నారు. ఇతను తండ్రికి పక్షవాతం వస్తే తిరిగొచ్చి, ఈ ఒక్క ఏడాదే అనుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు. స్కానింగ్ సెంటరు కట్టిన పెద్దాయనది పెనుగొలను, మామిడి తోటల మీద సంపాదించిన మనిషి. మాట కటువే గాని, చెప్తే వినేవాడు. సీటీ స్కాన్ మిషను కొన్న ఏడాది, బొమ్మలన్నీ దాచడానికి ఒక సర్వర్ కావాలని ప్రభుదాసు అడిగితే, "నీకు తెలిసినట్టు కట్టు" అన్నాడు. ప్రభుదాసు జీవితంలో తనకి నచ్చినట్టు చేసిన పని అదొక్కటే.

ఎలా కట్టాడో కొంచెం చెప్పాలి. హార్డ్ డిస్కుని ఒక పెద్ద గది అనుకోండి. సామానంతా అందులోనే కుప్ప పోస్తే, ఏదో ఒకటి పెరిగి పెరిగి మిగతావాటిని తొక్కేస్తుంది. అందుకని ముందే గోడలు కట్టి అరలు చేయాలి. ఆ అరల్నే పార్టిషన్లు అంటారు. సర్వర్ నడవడానికి కావలసిన సరంజామాకి ఒక చిన్న అర. మెమరీ చాలనప్పుడు తాత్కాలికంగా సర్దుకోవడానికి ఒక అర. మిషను రోజంతా తనలో తాను గొణుక్కుంటూ రాసుకునే రాతలుంటాయి, వాటికి గట్టి గోడతో ఒక అర. ఎందుకంటే ఎక్కడైనా తేడా వస్తే ఆ గొణుగుడు ఒక్క రోజులో ఉబ్బి డిస్కంతా నింపేస్తుంది. మిగిలినదంతా రోగుల బొమ్మలకి. అందులోనూ చివర కొంత ఖాళీ వదిలాడు. వదిలిన ఖాళీ చూసి పెద్దాయన, "ఇంత జాగా బీడు పెట్టావేంటయ్యా" అన్నాడు. "ఇవాళ అంతా కట్టేస్తే రేపు గోడ జరపడానికి చోటుండదండి" అన్నాడు ప్రభుదాసు.

ఇలా గీసిన డిస్కుకి అచ్చంగా అలాంటిదే ఇంకో డిస్కు జోడించాడు. ఒకదాంట్లో పడిన ప్రతి అక్షరమూ, ప్రతి బొమ్మా అదే క్షణంలో రెండోదాంట్లోనూ పడుతుంది. మిర్రర్ అంటారు. ఒకటి చచ్చిపోతే రెండోది పని ఆపకుండా నడుపుతుంది, బయట బెంచీ మీద కూర్చున్న రోగికి తెలియను కూడా తెలియదు. రెండు డిస్కుల్నీ ఒకే చోట కొననివ్వలేదు. ఒకటి విజయవాడలో, ఇంకొకటి హైదరాబాదులో తీసుకున్నాడు. ఒకే ఈతలో పుట్టినవి ఒకేసారి పోయే ప్రమాదం ఉందని చెప్పాడు. పెద్దాయన పడీపడీ నవ్వి, "సంబంధం కలుపుకునేటప్పుడు గోత్రం చూసినట్టు చూస్తున్నావే" అన్నాడు.

మూడో డిస్కు కూడా అడిగాడు ప్రభుదాసు. "జంట డిస్కులు ఒకదాని చావుకి ఒకటి అడ్డం అండి. మనిషి చేసే తప్పుకి అడ్డం కాదు. ఒకదాంట్లో చెరిపితే రెండోదాంట్లోనూ చెరిగిపోద్ది. ఇంకో కాపీ వేరేగా, వేరే ఇంట్లో ఉండాలి."

"వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు పెద్దాయన. వచ్చే ఏడు రాకుండానే గుండెపోటుతో పోయాడు. కొడుకులు కిరీటి, అనుదీప్ కలిసి సెంటరు నడపడం మొదలుపెట్టారు. వాళ్ళనీ అడిగాడు. "రెండుండగా మూడోదెందుకు దాసూ" అన్నాడు పెద్దవాడు కిరీటి. చిన్నవాడు ఫోను చూసుకుంటూ తల ఊపాడు. ఆ తర్వాత ప్రభుదాసు మళ్ళీ అడగలేదు. అడిగి లేదనిపించుకోవడం అతని ఒంటికి పడదు.

ఆ సర్వర్ మీద అతనికి ఎంత నమ్మకమంటే, కరోనా తగ్గాక భార్య రిబ్కాకి ఊపిరితిత్తుల స్కాన్ తీయించినప్పుడు ఫిల్ము కూడా వద్దన్నాడు. "మనకెందుకు ఫిల్ము, దండగ. సర్వర్లో ఉంటుందిగా" అని అతనే అన్నాడు. రిబ్కా వినగడప స్కూల్లో టీచరు. రిపోర్టు కాగితం మీద, ఎడమ ఊపిరితిత్తిలో చిన్న మచ్చ ఉంది, పట్టించుకోనక్కర్లేదు అని ఒకే ముక్క రాసి ఉంది. వాళ్ళూ పట్టించుకోలేదు. ఆ కాగితం ఇంట్లో ఉంది, బొమ్మ రెండు డిస్కుల్లోనూ ఉంది.

అన్నదమ్ములకి చెడింది. ఎందుకు చెడిందో ఇక్కడ అనవసరం. ఉన్నవాళ్ళు విడిపోవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఒక ఆదివారం సెంటరు షట్టరు దించి, పంపకాలకి కూర్చున్నారు. పెద్దరికానికి మేనమామ వీరరాఘవయ్య వచ్చాడు. ఆ ఇళ్ళల్లో పద్ధతి ఒకటుంది. పెద్దవాడు వాటాలు పెట్టాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. వాటా పెట్టేవాడికి ఏది దక్కుతుందో తెలియదు కాబట్టి సమానంగా పెడతాడని లెక్క. పొలాలకీ తోటలకీ బంగారానికీ బాగా పనికొచ్చే పద్ధతి. సీటీ మిషనుకి అల్ట్రాసౌండ్లు రెండూ ఎక్స్‌రే కలిపి సరిపెట్టారు. ఏసీలు చెరిసగం. జనరేటరుకి బదులు కారు. అన్నీ సర్దుకుని చివరికి సర్వర్ దగ్గర ఆగిపోయారు.

సర్వర్ ఒక్కటే ఉంది, ఇద్దరికీ కావాలి. పాత బొమ్మలు ఎవరి దగ్గరుంటే పాత రోగులు వాళ్ళ దగ్గరికే పోతారు. అంతసేపూ మర్యాదగా ఉన్న అన్నదమ్ములు ఇక్కడ గొంతులు పెంచారు. వీరరాఘవయ్య చెయ్యెత్తి ఆపి, గోడ పక్కన నిలబడ్డ ప్రభుదాసుని పిలిచాడు.

"ఏమయ్యా, దాని లోపల ఏముంటయ్యి?"

"రెండు డిస్కులుంటాయండి."

"రెండిట్లో సరుకు వేరువేరా?"

"కాదండి. ఒకటేనండి. ఇందులో ఏముందో అందులో అదే. వెంట్రుకవాసి తేడా ఉండదండి." అతని గొంతులో ఆ పూట ఎక్కడలేని ధీమా వచ్చింది. ఇన్నేళ్ళలో తన పనితనం గురించి ఎవరైనా అడగడం అదే మొదలు. అడిగిన పాపానికి ఇంకొంచెం చెప్పాడు. "ఒకటి లేకపోయినా రెండోదాంతో పని నడిచిపోద్దండి. అలా కట్టాను."

వీరరాఘవయ్య మొహం వెలిగింది. "మరింకేంరా, దీనికింత రాద్ధాంతమా? దేవుడు పంచి పెట్టినట్టుంటే. ఒకటి నువ్వు తీసుకో, ఒకటి వాడు తీసుకుంటాడు."

ప్రభుదాసుకి అప్పుడు తెలిసింది తనేం చేశాడో. "అలా కాదండి, అవి రెండూ కలిసుంటేనే..." అని మొదలుపెట్టాడు.

"కలిసుంటే బాగుంటుందని మాకు మాత్రం తెలీదా?" అన్నాడు వీరరాఘవయ్య నిట్టూరుస్తూ. "కలిసుండే రాత లేకేగా ఇవాళ ఇక్కడ కూర్చుంది."

అందరూ తలలు వంచుకున్నారు. అది అన్నదమ్ముల మాట అయిపోయింది, డిస్కుల మాట ఎవరికీ వినిపించలేదు. ప్రభుదాసు గట్టిగా అడ్డుపడి ఉండొచ్చు. పడలేదు. పెద్దవాళ్ళ పంపకాల్లో జీతగాడు నోరు పెడితే ఏమంటారో అతనికి తెలుసు, పైగా పేటలో పుట్టినవాడు పెడితే ఇంకేమంటారో మరీ బాగా తెలుసు. సర్వర్ ఆపి, మూత తీసి, రెండు డిస్కుల్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. చిన్నవాడు కోరుకోవాలి. అనుదీప్ రెండిటినీ అటూ ఇటూ తిప్పి చూసి, "ముందు కొన్నది ఏది?" అని అడిగాడు. విజయవాడలో కొన్నది చూపించాడు ప్రభుదాసు. అనుదీప్ దాన్ని తీసుకుని తువ్వాల్లో చుట్టుకున్నాడు. మిగిలింది కిరీటికి.

పనివాళ్ళని కూడా పంచుకున్నారు. ప్రభుదాసు కిరీటి వాటాకి వచ్చాడు. అనుదీప్ బస్టాండు దగ్గర కొత్త సెంటరు తెరిచాడు. "ఆ గుమ్మం తొక్కినోడు మళ్ళీ ఇటు రానక్కర్లేదు" అని కిరీటి అందరికీ చెప్పాడు.

ఒంటి డిస్కుతో సర్వర్ నడుస్తూనే ఉంది. నడిచినన్నాళ్ళూ దాన్లో ఒక హెచ్చరిక, జోడు లేదు, జోడు లేదు అని. ప్రభుదాసు ఒకరోజు ధైర్యం చేసి కిరీటిని కొత్త డిస్కు అడిగాడు.

"మొన్నేగా పంచుకున్నాం. మళ్ళీ జంట కడతానంటావేంటి? ఆ మాట నా దగ్గర ఎత్తకు దాసూ" అన్నాడు కిరీటి. డిస్కు ఖరీదు అతనికి లెక్కలోది కాదు. తమ్ముడి ఖాళీని నింపమన్నట్టు వినపడింది అతనికి. మనసులో పుండున్నవాడి చెవికి ఏ మాట ఎలా వినపడుతుందో ఎవరు చెప్పగలరు.

ప్రభుదాసు సర్దుకున్నాడు. జంట విడిపోలేదు, రెండిళ్ళల్లో ఉంది అంతే అని తనకి తాను చెప్పుకున్నాడు. మే నెలలో, కరెంటు కోతల మధ్య, సర్వర్ గదిలో ఏసీ ఆపేయించారు. డిస్కు టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. చెప్పాడు. "చూద్దాంలే" అన్నారు. మామిడి లారీలు వెళ్ళడం తగ్గేలోపు అది పోయింది. కిరీటి ఏ బాధా పడకుండా విజయవాడ కంపెనీ వాళ్ళతో కొత్త సిస్టం పెట్టించుకున్నాడు. "పాతవి ఎవరడుగుతారు" అన్నాడు. అడిగినవాళ్ళకి, లేవండి అని కౌంటర్లో చెప్పడం ప్రభుదాసు పని. లేవు అని నోటితో అంటూనే, బస్టాండు దగ్గర ఉన్నాయి అని మనసులో అనుకునేవాడు.

వానలు మొదలయ్యాక రిబ్కాకి దగ్గు పట్టుకుంది. సుద్దముక్కల దుమ్మనుకున్నారు. సిరప్పులు తాగినా తగ్గకపోతే స్కాన్ తీయించారు. ఎడమ ఊపిరితిత్తిలో మచ్చ కనబడింది. విజయవాడ తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు బొమ్మని చాలాసేపు చూశాడు.

"దగ్గు మందులతో తగ్గుద్ది, దాని గురించి కాదు. ఈ మచ్చే. ఇంతకుముందు తీసిన స్కాన్ ఏమైనా ఉందా?"

రిబ్కా రిపోర్టు కాగితం తీసి ఇచ్చింది. డాక్టరు చదివి పక్కన పెట్టాడు. "ఇందులో కొలత రాయలేదండి. చిన్నది అంటే ఎంత చిన్నది? బొమ్మ కావాలి నాకు. అప్పుడూ ఇప్పుడూ ఒకే సైజులో ఉంటే అది పాత మచ్చ, మర్చిపోవచ్చు. పెరిగి ఉంటే మాత్రం తీసేయాలి. సూదితో ముక్క తీసి చూద్దామంటే అందే చోట లేదు."

"బొమ్మ లేకపోతేనో సార్?" అని రిబ్కా అడిగింది.

"మూడు నెలలాగి మళ్ళీ తీసి చూడొచ్చమ్మా. అది చెడ్డదైతే ఆ మూడు నెలలూ మనం దానికి ఇచ్చినట్టే. లేదంటే ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేయడమే."

తిరుగు బస్సులో మైలవరం దాటాక ప్రభుదాసు రిబ్కా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వేం భయపడకు. బొమ్మ ఉంది. అనుదీప్ గారి దగ్గర రెండో డిస్కు ఉంది. నేను కట్టిందే కదా, పోదు." ఆమె అతని మొహంలోకి చూసింది. నమ్మింది. అతనూ నమ్మాడు.

మర్నాడు పొద్దున్నే, ఉద్యోగం పోతే పోయిందనుకుని బస్టాండు దగ్గరి సెంటరు మెట్లెక్కాడు. అనుదీప్ మంచి మర్యాదే చేశాడు. అన్న దగ్గరి మనిషి తన గుమ్మం తొక్కాడన్న సంతోషం దాచుకోలేక కాఫీ తెప్పించాడు. ప్రభుదాసు కప్పు ముట్టుకోకుండానే సంగతంతా చెప్పి, డిస్కు అడిగాడు.

"ఆ డిస్కా? అది ఇక్కడ సిస్టానికి పెడితే అసలు తెరుచుకోలేదు దాసూ. విజయవాడ నుంచి వచ్చిన టెక్నీషియన్ చూశాడు. దీన్ని ఫార్మాట్ చేస్తేనే వాడుకోవచ్చని స్క్రీన్ మీద వచ్చిందంట."

"చేశారా అండి?"

"చెయ్యకపోతే ఎట్లా? ఖాళీదనుకున్నాం. అన్నయ్య నన్ను మోసం చేసి ఖాళీది అంటగట్టాడని ఎంత ఏడ్చానో నీకేం తెలుసు" అన్నాడు అనుదీప్. అతని గొంతులో ఆ కోపం ఇంకా తాజాగానే ఉంది. "పారేయడమెందుకని సీసీ కెమెరాలకి పెట్టించా."

యూనిక్స్ అరల్ని విండోస్ చదవలేదు. చదవలేనిది ఖాళీ కాదు. ఈ ముక్క తెలిసినవాడు తిరువూరు మొత్తానికి మధిర రోడ్డు మీద ఉన్నాడు, ఒక ఫోను చేస్తే చెప్పేవాడు. ఫోను చేయడానికి వీల్లేకుండా అన్నదమ్ములు మధ్యలో గీత గీసుకున్నారు.

అనుదీప్ పెద్ద మనసుతో మానిటరు ఇటు తిప్పి చూపించాడు. ప్రభుదాసు చూశాడు. గేటు దగ్గర కుక్క ఒకటి పడుకుని ఉంది. స్కూటర్ల నీడలు జరుగుతున్నాయి. రిబ్కా ఊపిరితిత్తి ఉన్న చోట ఆ కుక్క పడుకుని ఉంది, దాని మీద ఇంకో రోజు కుక్క, దాని మీద ఇంకో రోజు స్కూటర్లు. తిరిగి తీయడం ఎవరి తరమూ కాదని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా రెండు డిస్కుల్నీ అడిగి పట్టుకుని హైదరాబాదు తీసుకెళ్ళాడు. ఒకదాని లోపల బొమ్మలు నిలవుండే పళ్ళెం గీసుకుపోయిందన్నారు. రెండోదాంట్లో కెమెరా బొమ్మలే వస్తాయన్నారు. తెలిసిన సంగతే చెప్పించుకుని తిరిగొచ్చాడు.

"కోయించేసుకుంటాను" అంది రిబ్కా. "మూడు నెలలు రోజూ దాన్నే తలుచుకుంటూ పిల్లలకి పాఠం చెప్పలేను."

"నా మూలంగానే" అన్నాడు ప్రభుదాసు.

"మీరు డిస్కులు విడగొట్టమన్నారా?"

"సమానం అన్నాను."

ఆమె బట్టలు సర్దుకోవడానికి లేచింది.

ఎడమ ఊపిరితిత్తిలో కింది సగం తీసేశారు. పరీక్షకి పంపిన ముక్క రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు నవ్వుతూ బయటికొచ్చాడు. "శుభవార్తండి. క్యాన్సర్ కాదు. చిన్నప్పుడెప్పుడో టీబీ తగిలి మానిన మచ్చ. చాలా ఏళ్ళ నాటిది." ప్రభుదాసు మొహంలో నవ్వు రాకపోయేసరికి డాక్టరు కొంచెం తడబడి, గొంతు తగ్గించాడు. "పాత బొమ్మ ఉండుంటే కోసేవాళ్ళమే కాదు లెండి. ఏం చేస్తాం."

ఆ వార్త తిరువూరు చేరేసరికి పండగ వార్త అయిపోయింది. చుట్టాలు ఫోన్లు చేసి ఏడ్చారు. స్కూల్లో పిల్లలకి చాక్లెట్లు పంచారంట. ప్రభుదాసుకి ఎవరితో ఏమని చెప్పాలో అంతుబట్టలేదు. దేవుడు కాపాడాడు అంటున్న మనిషితో, కాదండి, అన్యాయంగా కోశారు అంటే పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. రిబ్కా మంచం దిగి వంటింటిదాకా వెళ్ళేలోపు గోడ పట్టుకుని ఒకసారి ఆగుతోంది. క్లాసులో గొంతెత్తి పాఠం చెప్పడం ఇంక కుదరదు, ఆఫీసు పని ఏదైనా ఇప్పించుకోమని హెడ్మాస్టరు సలహా ఇచ్చాడు. ఇరవై ఏళ్ళు గొంతుతో బతికిన మనిషికి ఆ సలహా ఎంత చేదో ఆయనకి తెలియదు.

ఈలోగా కిరీటి కూతురు పూజితకి ఓణీల ఫంక్షను జరిగింది. వీరరాఘవయ్య మధ్యలో పడి అన్నదమ్ముల్ని ఒకే బంతిలో కూర్చోబెట్టాడు. గీసుకున్న గీత ఒక్క పూటలో చెరిపేశారు. రెండు సెంటర్లూ మళ్ళీ కలిపేద్దామని కూడా అనుకుంటున్నారు. ఆ గుమ్మం తొక్కినందుకు ప్రభుదాసుని ఎవరూ ఏమీ అనలేదు. అసలు అలాంటి మాట ఒకటి అనుకున్నామన్న సంగతే వాళ్ళకి గుర్తు లేదు.

రిబ్కా కాస్త తేరుకున్నాక ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞత కూడిక పెట్టారు. పెట్టకపోతే సంఘంలో బాగుండదు. పాస్టరుగారు వచ్చారు. కిరీటి, అనుదీప్ ఒకే కారులో, ఒకే పళ్ళబుట్టతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. "చూశావా దాసూ, నువ్వు ఊరికే కంగారుపడ్డావు. ఏమీ లేదని తేలింది" అన్నాడు కిరీటి భుజం తట్టి. మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే ఇంకా మంట పుట్టింది ప్రభుదాసుకి.

పాట అయింది, వాక్యం అయింది. అలాంటి కూడికల్లో ఇంటివాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి, తమకి జరిగిన మేలు నలుగురి ముందూ ఒప్పుకోవాలి. పాస్టరుగారు రిబ్కా వైపు చూశారు. ఆమె కుర్చీలోంచి లేవబోయి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, భర్త వైపు తిరిగింది.

ప్రభుదాసు లేచి మైకు అందుకున్నాడు. "అందరికీ వందనాలండి" అన్నాడు. తర్వాత తల వంచి మైకు తీగ సర్దుకున్నాడు. జనం అతను ఏడుపు ఆపుకుంటున్నాడనుకున్నారు.

"మా ఇంటావిడకి ఏ జబ్బూ లేదండి" అన్నాడు. "కోయకముందు కూడా లేదు."

"స్తోత్రం" అన్నారు అందరూ, అలవాటు కొద్దీ.